చూడి జింకకు గాజులు

మా ఇంటి వెనక కొండకు పేరు లేదు. మా ఊళ్ళో కొండ అంటే అదే. తమిళనాడు ఫారెస్టు వాళ్ళు దాని మొదట్లో ఒక పచ్చ బోర్డు పాతి, ఇది రిజర్వు అడవి, లోపలికి పోరాదు, గొర్రెలు మేపరాదు అని తమిళంలో రాయించారు. గొర్రెలకు చదువు రాదు కాబట్టి అవి పోతూనే ఉంటాయి. పొదటూరుపేటలో బస్సు దిగి మా ఊరి వైపు నడిచేవాళ్ళకు ఆ కొండ కనబడక తప్పదు. అయినా దాని ముందు ఆగి ఫోటో తీసుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. తీసుకోవడానికి ఏముంది? ఎర్రబండలు, బండల సందుల్లో బలుసు పొదలు, కలే పొదలు, అక్కడక్కడా బొమ్మజెముడు, మధ్యలో నడుమెత్తు బోదగడ్డి. ఎండలు మండే చిత్తిరై నెల వచ్చేసరికి ఆ గడ్డి కూడా ఎండిపోయి, గాలి తగిలితే గరగరమంటుంది. మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద దోసె పోస్తే కాలుతుందని మా ఆయన అంటాడు. ఆయన అనడమే కానీ పోసింది లేదు.

నాకు మాత్రం ఆ కొండ అంటే ఇష్టం. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నోటికి తట్టుకోలేక పెరట్లోకి వచ్చి, దాని ముఖం చూస్తూ కూర్చునేదాన్ని. అది తిరిగి ఏమీ అనేది కాదు. నాకు అదే చాలు. కూర్చోగా కూర్చోగా తెలిసింది, ఎండి చచ్చిపోయినట్టు కనబడే ఆ కొండ నిండా సంసారాలే. పొద్దెక్కితే ఉడుము వచ్చి బండకు పొట్ట ఆనించి పడుకుంటుంది. కౌజుపిట్ట పిల్లల్ని వెంటేసుకుని ఈ పొద నుంచి ఆ పొదకు ఒకటే పరుగు. వాన పడిన మరునాడు ఒంటి మీద చుక్కలున్న తాబేళ్ళు బాటకు అడ్డంగా, ఎవరి కోసమూ తొందరపడకుండా నడుస్తాయి. ఇక నెమళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వేరుసెనగ పండేదే వాటి కోసం. మురుగన్ వాహనం కాబట్టి రాయి వేయకూడదు. మా ఆయన గట్టు మీద నిలబడి "పో సామీ, పో సామీ" అని బతిమాలుతాడు. అవి తినాల్సింది తిని, ఈకలు దులుపుకుని తీరిగ్గా పోతాయి.

కనబడనివి జింకలు. చుక్కల దుప్పి అని పుస్తకాల్లో రాస్తారట, మేము జింక అనే అంటాం. కొండ మీద రాతి గుంటల్లో నిలిచే నీళ్ళను మావైపు సునై అంటారు. ఎండలు ఇంకా ముదరని పంగుని నెలకే ఆ సునైలు అడుగంటుతాయి. అప్పటి నుంచి వానలు పడేదాకా జింకలు తెల్లవారకముందే దిగివచ్చి, మా బాయి దగ్గర తొట్టిలో తాగి, వెలుగు రాకముందే వెళ్ళిపోయేవి. మేము లేచేసరికి తడిమట్టిలో గిట్టల అచ్చులు మాత్రం ఉండేవి. వాటిని చూసి, "మీ చుట్టాలొచ్చి పోయినారే" అని మా అత్త నన్ను ఎగతాళి చేసేది. నాకు పుట్టింటి వాళ్ళు ఎవరూ రారని ఆమె గుచ్చడం అది.

ఇది చాలా ఏళ్ళు బాగానే జరిగింది. ఆ తర్వాత కొండకూ ఊరికీ మధ్య ఉన్న పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. రాళ్ళు పాతారు, ముళ్ళతీగ లాగారు, ఇల్లు మాత్రం ఒక్కరూ కట్టలేదు. ఖాళీగా ఉంది కదా అని కోడి అంగళ్ళ చెత్త తెచ్చి అక్కడ పోయడం మొదలుపెట్టారు. చెత్త వెనకే కుక్కలు చేరాయి. ఊరకుక్కలంటారు గానీ వాటికి ఏ ఊరితోనూ సంబంధం లేదు, ఎవరి వాకిట్లోనూ ముద్ద తినలేదు. జింకలు నీళ్ళకు రావాలంటే ఆ తీగ దాటాలి, ఆ కుక్కల్ని దాటాలి. రాకపోతే దప్పి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేము పంచాయతీలో చెప్పాం. వాళ్ళు విన్నారు. వినడం వరకు వాళ్ళలో ఏ లోపమూ లేదు.

ఆ ఎండాకాలం మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఆమె అత్తవారిల్లు తిరువళ్ళూరు, ఉద్యోగమూ అక్కడే. అంతకుముందు ఒకసారి కడుపు నిలిచి ఆరో నెలలో పోయింది. బిడ్డ లోపలే కదలడం మానేసింది. ఆఫీసు పనిలో పడి గమనించుకోలేదని ఆ పిల్ల తనను తాను తిట్టుకున్న తిట్లు పగవాళ్ళు కూడా తిట్టరు. ఈసారి ఏడో నెల నిండుతుండగా, ఇక నీ ఉద్యోగం చాల్లెమ్మని మేమే తెచ్చుకున్నాం. గాజుల వేడుక, మావైపు వళకాప్పు అంటారు, అది చేయలేదు. నలుగురినీ పిలిస్తే దిష్టి తగులుతుందని భయం. గాజులు కొని బీరువాలో పెట్టి, వాటి మాట ఎవరమూ ఎత్తలేదు. ఆమె తింటున్నా, పడుకున్నా, ఫోను చూస్తున్నా ఒక చెయ్యి మాత్రం కడుపు మీదే ఉండేది. కదిలిందా అని అడగాలని నా నోటిదాకా వచ్చేది. అడిగితే బెదిరిపోతుందని మింగేదాన్ని. మా అత్తకు ఈ మింగడాలు తెలియవు. ఆమె ఇటు తిరిగితే ఒకసారి, అటు తిరిగితే ఒకసారి అడిగేది.

ఆ రోజు పొద్దున, పాలు పిండే వేళ. మా ఆయన ఆవు కింద కూర్చుని ఉన్నాడు, నేను పాలచెంబు అందుకోవడానికి నిలబడి ఉన్నాను. ప్లాట్ల వైపు నుంచి కుక్కల గోల వినబడింది. రోజూ వినేదే కాబట్టి మేము తల తిప్పలేదు. గోల దగ్గరైంది. మా పెరటి ముళ్ళకంప మీదుగా ఏదో ఎర్రగా లేచి, కొట్టం ముందు తడి బండల మీద పడి, జారి, లేచి, మళ్ళీ జారి, దూడను కట్టేసే మూలకు వెళ్ళి కూలబడింది. వెనకాలే కుక్కలు కంప సందుల్లో దూరుతున్నాయి. మా ఆయన కర్ర తీసుకుని వాటి మీదికి పోయాడు. ఆయన వదిలిన చెంబు ఎత్తి నేను విసిరాను, పాలతో సహా.

కుక్కలు పోయాక చూశాం. ఆడ జింక. అంత దగ్గరగా జింకను చూడటం నాకు అదే మొదలు. వెనక కాలి మీద తోలు లేచి కొంచెం నెత్తురు కారుతోంది, అంతకు మించి గాయం లేదు. ఒంటి మీద తెల్ల చుక్కలు, మూతి తడిగా, కళ్ళు ముఖానికి పట్టనంత పెద్దవిగా. అరవలేదు. ఆవైతే అరుస్తుంది, మేకైతే ఊరంతా లేపుతుంది. ఇది నోరు తెరవకుండా ముక్కుతోనే ఎగశ్వాస తీస్తోంది. పొట్ట చూస్తే ఒక పక్కకు ఒరిగి నిండుగా ఉంది.

మా అత్త వచ్చి ఒక్క చూపు చూసింది. పశువుల సంగతి ఆమెకు చెప్పక్కర్లేదు. "మే, ఇది చూడిది మే. నెలలు నిండిండాయి," అంది. అప్పుడే మా అమ్మాయి నడుము పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా అత్త ఆమె వైపు చూసింది, మళ్ళీ జింక వైపు చూసింది. ఆ చూపుతోనే ఆమె ఏం అనబోతోందో నాకు తెలిసిపోయింది.

మా ఆయన ఫారెస్టు వాళ్ళకు ఫోను చేశాడు. కాసేపటికి గార్డు తిరిగి చేస్తే నేనెత్తాను. జీపు పళ్ళిపట్టు అవతల కొండకు నిప్పంటుకుంటే అక్కడికి పోయిందట, దాన్ని రప్పించి, తిరుత్తణి నుంచి పశువుల డాక్టరును ఎక్కించుకుని వస్తారట, ఆలస్యమవుతుందట. అంతవరకూ ఏం చేయాలో తమిళంలో నాకే చెప్పాడు. "అమ్మా, కిట్ట పోగాదీంగ, తొడాదీంగ." దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు. కళ్ళ మీద గుడ్డ కప్పండి, చీకటి చేయండి, జనాన్ని చేరనివ్వకండి, భయపడుతుంది. భయపడితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరైనా భయపడితే దగ్గరికి తీసుకుని వీపు నిమిరే జాతి మాది. భయం ఒక జబ్బని మాకెక్కడ తెలుసు?

చెప్పినట్టే చేశాం. మా ఆయన పాత పంచె తెచ్చి, దూరం నుంచి మెల్లగా దాని తల మీద వేశాడు. కొట్టం ముందు టార్పాలిన్ పట్ట కట్టాడు. పంచె పడగానే జింక ఒకసారి ఒళ్ళంతా విదిల్చి, తర్వాత తల నేలకు ఆనించింది. ఊపిరి కాస్త నెమ్మదించింది. నేను చూస్తూనే ఉన్నాను, నిజంగానే నెమ్మదించింది. ఇది బతుకుతుంది అనుకున్నాను. మా సందు ఫోను మ్యాపులో కనబడదు. జీపుకు దారి చూపించడానికి మా ఆయన బండి తీసుకుని మెయిన్ రోడ్డుకు పోతూ, "ఎవుర్నీ రానీయద్దు," అని నాతో అన్నాడు. ఆయనకేం, అనేసి పోయాడు.

ముందు వచ్చింది బయటివాళ్ళు కాదు, మా అత్తే. పసుపు, కుంకుమ గిన్నెలు తెచ్చి పట్ట పైకెత్తింది.

"అత్తా, ముట్టద్దని ఫారెస్టాయన చెప్పినాడు," అన్నాను.

"వానికేం తెలుసు? వాడు యా ఊరోడో. వళ్ళి ఎవురి కడుపున పుట్టిందో వానికి తెలుసా?"

తిరుత్తణి చుట్టుపక్కల ఏ పిల్లనడిగినా చెబుతుంది. వళ్ళి జింక కడుపున పుట్టింది, కొండచేలో చిలకల్ని తోలింది, మురుగన్ ఆమెను వలచి పెళ్ళాడి మా తిరుత్తణి కొండ మీదే ఉండిపోయాడు. మా ఇళ్ళల్లో జింక అంటే వియ్యపురాలి వరస. ఆ జింక నిండు చూలుతో, కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి వచ్చి పడింది.

"భయపడతాదంట అత్తా."

"భయపడితే నిమరాల. రేపు నీ బిడ్డ నొప్పులొచ్చి భయపడితే మొగాన గుడ్డేసి మూల పడేస్తావా నువ్వు?"

నేను మా అత్తతో ఉప్పు దగ్గర్నుంచి ఊరి రాజకీయం దాకా వాదించిన మనిషిని. ఆ మాటకు మాత్రం నా కూతురి వైపు చూశాను. ఆమె పంచె తీసేసింది. జింక తల ఎత్తింది. ఆమె దాని నుదుట పసుపు రాసి బొట్టు పెట్టి, మా దూడలతో మాట్లాడే గొంతుతోనే, "ఏం లేదమ్మా, ఏం లేదు తల్లీ, మనింటికే వచ్చిండావు," అంటూ మెడ నిమరసాగింది. ఎంత ప్రేమగా నిమిరిందో నాకు తెలుసు. నన్ను ఒక్కసారైనా అలా నిమిరి ఉంటే ఆమెను నేను నెత్తిన పెట్టుకుని ఉండేదాన్ని.

పాలకేంద్రానికి క్యాన్లు పట్టుకుపోయే ఆడవాళ్ళు మా పెరటి వెంబడే పోతారు. ఒకామె తొంగి చూసింది. ఆ తర్వాత చెప్పేదేముంది, నోరు నోరూ కలిసి ఊరంతా పాకింది. ఎదురింటి వదిన తలంటుకున్న జుట్టు ముడేసుకుని పళ్ళెంలో టెంకాయతో వచ్చింది. వెనక ఇంకొందరు. నేను పట్టకు అడ్డం నిలబడి, ఫారెస్టు వాళ్ళొస్తా ఉండారు, ముట్టద్దన్నారు, పోండి అని మొత్తుకున్నాను. "ముట్టం లేమ్మే, చూసి పోతాం," అన్నారు. చూసినవాళ్ళు దణ్ణం పెట్టారు, దణ్ణం పెట్టినవాళ్ళు పసుపు రాశారు. ఎవరి మీద కోపం చేసుకోను? వాళ్ళల్లో మా అమ్మాయి కోసం మొక్కుకోని మనిషి లేదు. పోయినసారి బిడ్డ పోయినప్పుడు మా వాకిట్లో కూర్చుని ఏడ్చినవాళ్ళు వాళ్ళే. కర్పూరం మాత్రం వెలిగించనివ్వలేదు, ఎండుగడ్డి ఉంది అంటుకుంటుంది అని. ఆ పొద్దుట నేను గెలిచింది అదొక్కటే.

మా అత్త లోపలికి పోయి బీరువా తెరిచిన చప్పుడు వినబడింది. గాజుల పెట్టె పట్టుకుని వచ్చింది.

"ఇద్దరికీ ఒగేసారి ఏసేద్దాం. ఇంతకంటే మంచి గడియ యాడ దొరకతాది?"

ఆడవాళ్ళంతా అవునంటే అవునన్నారు. నేను మా అమ్మాయి వైపు చూశాను, చదువుకున్నది కదా, అదైనా కాదంటుందని. ఆమె కళ్ళు జింక పొట్ట మీద ఉన్నాయి.

"మా, ఒగసారి. ఒగే ఒగసారి తాకి వచ్చేస్తా," అంది.

పోయినసారి ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల నన్ను ఏదీ అడగలేదు. పెట్టింది తినేది, రమ్మంటే వచ్చేది. అప్పటి నుంచి మొదటిసారి నోరు తెరిచి కావాలన్నది ఇదే. గార్డు మాట ఒకవైపు, నా కూతురి ముఖం ఒకవైపు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. పట్ట ముందు నుంచి పక్కకు జరిగాను.

ఆమెను పీట మీద కూర్చోబెట్టి చేతుల నిండా గాజులు తొడిగారు. జింకకు కాళ్ళకు పట్టవు కాబట్టి, పసుపు దారానికి గాజులు గుచ్చి మెడలో వేశారు. ఎర్రవీ పచ్చవీ. జింక లేవడానికి చూడలేదు. మెడ నిటారుగా పెట్టుకుని ఎవరినీ చూడకుండా ఎదుటి గోడ వైపు చూస్తోంది. "ఎట్ల పెట్టించుకుంటా ఉండాదో చూడండి," అన్నారు ఎవరో మురిసిపోతూ. నాకు మాత్రం చిన్న చప్పుడు వినబడుతోంది. దాని మెడలో గాజులు ఒకదానికొకటి తగులుతున్నాయి. అది కదలడం లేదు. మరి గాజులు ఎందుకు మోగుతున్నాయని చూస్తే, లోపల్నుంచి ఒళ్ళంతా వణుకుతోంది.

మా అమ్మాయి దాని పొట్ట మీద చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉండి, ముఖమంతా విప్పారి, "మా, లోపల తన్నతా ఉండాది," అని నవ్వింది. ఆ ఎండాకాలం మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది. నాకు కన్నీళ్ళు వచ్చాయి. అత్త చెప్పిందే నిజమేమో, నేనే మూర్ఖురాలినేమో అనిపించింది.

అప్పుడు జింక నోరు తెరిచింది. నాలుక పక్కకు వచ్చింది. మెడ వెనక్కి విరుచుకుని, కాళ్ళు ఒకసారి బిగదీసి, తర్వాత మెల్లగా తల గడ్డి మీద పెట్టింది. గాజుల చప్పుడు ఆగిపోయింది.

"నిద్దరపోయింది పావం," అంది ఎదురింటి వదిన.

మా అత్త దాని కంటి దగ్గర వేలు పెట్టి చూసింది. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలాగే వెనక్కి తీసుకోవడంతో అందరికీ అర్థమైంది. వదిన టెంకాయ పళ్ళెంతో ఒక అడుగు వెనక్కి వేసింది.

మా అమ్మాయి చెయ్యి ఇంకా పొట్ట మీదే ఉంది. "లేదు మా," అంది. "లేదు, కదలతా ఉండాది. ఇంగా కదలతానే ఉండాది మా."

పైకే కనబడుతోంది. చచ్చిపోయిన తల్లి పొట్టలో చుక్కల తోలు ఒకచోట ఉబ్బి, దిగి, పక్కన మళ్ళీ ఉబ్బుతోంది. గార్డుకు ఫోను చేశాను. డాక్టరును ఎక్కించుకున్నాం, దారిలో ఉన్నాం అన్నాడు. పిల్ల లోపల బతికే ఉంది, ఏం చెయ్యాలి అని అరిచాను. డాక్టరు రాకుండా ఏమీ చేయకూడదమ్మా, మేము వచ్చేస్తున్నాం అన్నాడు. ఇక్కడ, పక్క వీధిలో మేకలు కోసే ఆయన్ను పిలుద్దామని ఒకరు అన్నారు. అడివి జంతువు మీద కత్తి పెడితే కేసు అవుతాదని ఇంకొకరు. వళ్ళి తల్లి కడుపు కోస్తారా, పాపం కాదా అని మరొకరు. నేను మా అత్త వైపు చూశాను. ఎన్నో ఆవులకు పురుడు పోసిన మనిషి, ఏదో ఒకటి చెబుతుందని. "నా చేతుల్లో ఏముందే," అని ఆ రెండు చేతులూ చూపించింది. పసుపు తప్ప వాటిలో ఏమీ లేదు.

నేను మా అమ్మాయి చెయ్యి లాగేసి, ఆమెను లోపలికి పొమ్మన్నాను. పోలేదు. వదిన ఆమెను పొదివి పట్టుకుని తీసుకుపోయింది. ఆమె చెయ్యి ఉన్నచోట నా చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. లోపల ఉన్నదానికి ఎవరో ఒకరు ఉన్నారని తెలియాలని కావచ్చు. తోలు వెచ్చగా ఉంది. అరచేతికి గట్టిగా ఒక తన్ను తగిలింది, చిన్న గిట్ట. కాసేపాగి ఇంకొకటి. తర్వాతది అంత గట్టిగా లేదు. ఆ తర్వాత తన్ను కాదు, లోపల ఏదో పక్కకు తిరిగినట్టు మాత్రం ఉంది. చుట్టూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, పాలక్యాన్లు ఎత్తుకుంటున్న చప్పుడు. నేను చెయ్యి తీయలేదు. తోలు కింద ఇక ఏమీ లేదని తెలిశాక కూడా తీయలేదు.

జీపు వచ్చేసరికి పెరట్లో మేమిద్దరమే ఉన్నాం, అత్తాకోడళ్ళం. డాక్టరు చిన్న వయసు మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పొట్ట మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. దాని మెడలో దారం తెంపి గాజులు పక్కన పెట్టాడు. నుదుట పసుపు చూశాడు. ఈ జాతికి మనిషి చేతి స్పర్శే చాలు, బెదిరి లోపల్లోపల గుండె ఆగిపోతుంది, గాయం అంత పెద్దది కాదు అని మాత్రం చెప్పాడు. ఎవరు ముట్టుకున్నారని అడగలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, కనీసం ఎదురు మాట్లాడేదాన్ని. గోనె మీద పడుకోబెట్టి, మా ఆయనా గార్డూ చెరో పక్క పట్టుకుని జీపులో ఎక్కించారు.

మా అత్త బాయి దగ్గర రాతి మీద కూర్చుని, చేతుల మీద నీళ్ళు పోసుకుంటోంది. పసుపు ఎప్పుడో పోయింది, ఇంకా పోసుకుంటోంది.

"నిమిరినాను మే. నిమిరితే ప్రాణం పోతాదా? యాడైనా ఉందా?" అంది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమెను అనాలని దాచుకున్న మాటలు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. వాటికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. తువ్వాలు తెచ్చి చేతికిచ్చాను. "తుడుచుకో అత్తా," అన్నాను.

మధ్యాహ్నం మజ్జిగన్నం కలుపుకుని మా అమ్మాయి గదిలోకి పోయాను. ఎడమ పక్కకు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకుని గిన్నె కింద పెడుతుంటే, తిరగకుండానే, "మా," అంది.

"ఏమ్మా?"

"ఇది కదల్లేదు. ఆడ కూర్చున్నప్పుట్నించి కదల్లేదు."

ఏం కాదు, నిద్రపోతూ ఉంటుంది అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. తీపి ఏదైనా తాగి ఎడమ పక్కకు పడుకుని చూడమని ఆసుపత్రి డాక్టరమ్మ ఇంతకుముందు చెప్పి ఉంది. బెల్లం నీళ్ళు కలిపి తెచ్చి, తల ఎత్తి తాగించాను. కారు పిలవమని మా ఆయనకు చెప్పడానికి లేవబోతే, ఆమె నా చెయ్యి పట్టుకుంది. లాగి కడుపు మీద పెట్టుకుని, పైన తన చెయ్యి పెట్టింది. గాజులు నా మణికట్టుకు చల్లగా తగిలాయి. ఇద్దరమూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతోంది. ఏ దేవుడికి మొక్కాలో కూడా నాకు తోచలేదు. వళ్ళికి మొక్కడానికి నోరు రాలేదు.

అప్పుడు తన్నింది. చీర కింద, నా అరచేతి మధ్యలో, గట్టిగా.

"తెలిసిందా మా?" అంది.

"తెలిసింది," అన్నాను.

పొద్దున తోలు కింద తగిలినదీ ఇలాగే ఉంది. రవ్వంత తేడా లేదు. ఆమె చేతికీ అది తెలుసు. ఆమె నా ముఖంలోకి చూసి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తంతుందేమో, ఇంకోసారి తన్నాలి, ఇంకోసారి తన్నాలి అనుకుంటూ, చెయ్యి తీయడానికి ధైర్యం లేక చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను.